పాత చిత్రాల్లో స్త్రీ మనసు: ఏ ప్రింటు చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్న మీరు, మరో అయిదుగురు స్నేహితురాళ్లతో కలిసి నెలకొక పాత చిత్రం చూడాలనుకుంటున్నామని, స్త్రీ కోరికనూ యౌవనాన్నీ గంభీరంగా పట్టించుకున్న చిత్రాల్లో వేటితో మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. దానితోపాటు రెండు సందేహాలు కూడా పెట్టారు. పునరుద్ధరించిన ప్రతి కోసం డబ్బు ఖర్చు చేయడం అవసరమా, యూట్యూబ్‌లో ఊరికే దొరికేది చాలదా అన్నది మొదటిది. మీ గదిలో ఉండే అమ్మాయి ఒకరు "ఇవన్నీ ఆ రకం సినిమాలే కదా" అన్నప్పుడు ఏం జవాబు చెప్పాలో తోచలేదన్నది రెండోది. ఈ రెండూ ఒకే ప్రశ్నకు రెండు కొసలని నా అభిప్రాయం. అందుకే ముందు వాటి సంగతి చెప్పి, తర్వాత చిత్రాల దగ్గరికి వస్తాను.

నేను తిరుపతిలో డిగ్రీ చదివి, మద్రాసులో ఒక ఫిల్మ్ ల్యాబులో ఇరవై ఏళ్లకు పైగా గ్రేడర్‌గా పనిచేసి, మళ్లీ ఈ ఊరికే వచ్చి స్థిరపడ్డాను. నెగటివ్‌లోని ఒక్కొక్క షాటుకు ఎంత వెలుతురు ఇచ్చి ప్రింటు తీయాలో నిర్ణయించడమే గ్రేడర్ పని. 35 మి.మీ. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములుంటాయి, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, కాబట్టి 1000 అడుగుల రీలు దాదాపు 11 నిమిషాలు వస్తుంది. ఆ 11 నిమిషాల్లో ఒక నటి ముఖం ఎన్నోసార్లు తెర మీదికి వస్తుంది. వెలుతురు కొంచెం ఎక్కువైతే ఆ ముఖం సున్నం కొట్టిన గోడలా అవుతుంది, కొంచెం తగ్గితే కళ్లు గుంటలైపోతాయి. కథకు ఏమీ కాదు, సంభాషణకూ ఏమీ కాదు, కానీ ఆ మనిషి ఆ క్షణంలో ఏమనుకుంటోందో మనకు అందకుండా పోతుంది. మీరు అడిగిన చిత్రాలు నూటికి తొంభై పాళ్లు ఆ అందడం మీదే నిలబడ్డవి. వాటిలో స్త్రీ తన కోరికను మాటల్లో చెప్పదు. చెప్పగలిగే పరిస్థితిలో ఉండదు. చెప్పనిది ఆమె చూపులో, మెడ తిప్పడంలో, కిటికీ దగ్గర నిలబడిన కాసేపటిలో ఉంటుంది.

అసలు నెగటివ్ నుంచి ఇంటర్‌పాజిటివ్ అనే మధ్య ప్రతి, దాని నుంచి డ్యూప్ నెగటివ్ అంటే నెగటివ్‌కు నకలు, దాని నుంచి థియేటర్లకు వెళ్లే ప్రింటు తీస్తారు. ఒక్కొక్క మెట్టు దిగినప్పుడల్లా తెలుపుకూ నలుపుకూ మధ్యనున్న బూడిద ఛాయలు కొన్ని రాలిపోతాయి. అలా తీసిన ప్రింటు వందసార్లు ఆడి, మనవాళ్లు "వాన పడుతోంది" అనేంతగా గీతలు పడ్డాక, దాన్ని ఎవరో టేపులోకి ఎక్కించి, ఆ టేపును ఇంకెవరో యూట్యూబ్‌లో పెట్టారనుకోండి. మీరు చూసేది ఆ చిత్రం తాలూకు కథాసంగ్రహం మాత్రమే.

సత్యజిత్ రాయ్ 'చారులత' (1964) విషయంలో ఈ తేడా నాకు స్వయంగా అనుభవమైంది. 1980లలో ఒక ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో ఆ చిత్రాన్ని చిన్న టీవీలో చూశాను. పనీపాటా లేని ఒక సంపన్న గృహిణి, పత్రిక నడుపుకునే భర్త, మరిది వరుసయ్యే యువకుడు, ఆమెకూ ఆ యువకుడికీ మధ్య ఏదో మొలకెత్తడం: ఇంతే అర్థమైంది, గొప్పగా అనిపించలేదు. పునరుద్ధరించిన ప్రతిని 2013లో కాన్ చిత్రోత్సవంలోని క్లాసిక్స్ విభాగంలో ప్రదర్శించారు. ఆ తర్వాత వచ్చిన డిస్కులో మళ్లీ చూసినప్పుడు, మొదటిసారి నేను ఆ చిత్రాన్ని చూడనేలేదని తెలిసింది.

ఆరంభంలో కొన్ని నిమిషాల పాటు దాదాపు మాటలే లేవు. చారు చేతిరుమాలు మీద 'బి' అక్షరం కుడుతుంది. అది భర్త భూపతి పేరులోని మొదటి అక్షరం. తర్వాత పిడి ఉన్న చిన్న దుర్బిణి తీసుకుని ఒక కిటికీ నుంచి మరో కిటికీకి పరుగెడుతూ, తలుపు రెక్కల సందుల్లోంచి వీధిలో పోయే పల్లకీనీ గొడుగు పట్టుకున్న మనిషినీ చూస్తుంది. అంతలో భర్త పుస్తకం చదువుకుంటూ ఆమె పక్కనుంచే నడిచి వెళ్లిపోతాడు, ఆమె అక్కడ ఉన్నట్టే గమనించడు. వీధిలోని వాళ్లను చూసిన ఆ దుర్బిణితోనే ఆమె వెళ్లిపోతున్న అతని వీపును చూస్తుంది. తన ఇంట్లో తన భర్త కూడా వీధిలో పోయేవాళ్లంత దూరమయ్యాడని ఒక్క మాట లేకుండా మనకు తెలిసిపోతుంది. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర వెలుతురును నేరుగా ముఖం మీదికి కొట్టకుండా తెల్లటి గుడ్డ మీద పడేసి, అక్కడి నుంచి మెత్తగా తిరిగివచ్చేలా చేసే పద్ధతిని 1956లో 'అపరాజితో' కోసం వాడాడు, ఇక్కడ దాన్ని పరాకాష్ఠకు తీసుకువెళ్లాడు. మాధబీ ముఖర్జీ ముఖం మీద విసుగుకూ కుతూహలానికీ మధ్య ఉన్న ఛాయలన్నీ ఆ మెత్తని వెలుతురులోనే ఉన్నాయి. టీవీలో నేను చూసింది తెల్లటి ముఖం, నల్లటి కళ్లు. మధ్యలో ఉన్న మనిషి అందులో లేదు. తోటలో ఉయ్యాల ఊగుతూ ఆ మరిది అమల్ వైపు దుర్బిణి తిప్పి, తాను అతన్ని ఏ చూపుతో చూస్తోందో తనకే తెలిసే ఘట్టం సంగతీ అంతే. టాగోర్ 1901 నాటి 'నష్టనీడ్' కథలో వాక్యాలు చేసిన పనిని ఇక్కడ వెలుతురు చేసింది.

ఇక "ఆ రకం సినిమాలు" అన్న మాట దగ్గరికి వస్తాను. ఆ మాట గాలిలోంచి పుట్టలేదు. 1953లో స్వీడన్‌లో ఇంగ్మార్ బెర్గ్‌మన్ 'సమ్మర్ విత్ మోనికా' తీశాడు. స్టాక్‌హోమ్‌లో పనిచేసే ఇద్దరు పడుచువాళ్లు ఒక వేసవిని పడవలో, దీవుల మధ్య గడుపుతారు. వేసవి అయిపోతుంది, బిడ్డ పుడుతుంది, డబ్బు చాలదు. ఆ చిత్రాన్ని అమెరికాకు కొనుక్కుపోయిన క్రోగర్ బాబ్ అనే పంపిణీదారు గంటన్నర దాటిన నిడివిని గంట చిల్లరకు కోసి, సంగీతం మార్చి, చెడిపోయిన పిల్ల కథగా పేరు పెట్టి 1955లో విడుదల చేశాడు. స్నానం ఉంచాడు, పేదరికం తీసేశాడు. మన ప్రాంతంలోనూ ఇదే జరిగింది. 1970ల చివర నేను కాలేజీలో ఉన్నప్పుడు, ఒక థియేటర్లో మార్నింగ్ షోకి మలయాళ చిత్రమొకటి వచ్చింది. పోస్టరు మీద ఉన్న బొమ్మకూ చిత్రానికీ సంబంధం లేదు. ఒక పేదింటి స్త్రీ గురించి ఎవరో మనసు పెట్టి తీసిన కథ అది. మధ్యలో ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన అశ్లీల బిట్లు అతికించి వేశారు. ఆ బిట్ల కోసం వచ్చినవాళ్లు అవి అయిపోగానే లేచి వెళ్లిపోయారు. తర్వాతి అరగంటలో ఆ నటి చేసిన పనిని చూడటానికి హాల్లో పదిమంది కూడా మిగల్లేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. ఒక స్త్రీ కోరికను అర్థం చేసుకోవడానికి తీసిన చిత్రాన్ని కోసి, అతికించి, చూసేవాడి కోరికను తీర్చే సరుకుగా మార్చడం ఆమెను రెండోసారి మాట్లాడనివ్వకపోవడమే. అందుకే కోత లేని పూర్తి ప్రతి దొరకడం నా దృష్టిలో సాంకేతిక విషయం మాత్రమే కాదు.

'మోనికా' చివరలో ఒక షాటు ఉంది. హారియెట్ ఆండర్సన్ కెఫేలో కూర్చుని మెల్లగా తల తిప్పి నేరుగా కెమెరాలోకి, అంటే మన కళ్లలోకి చూస్తుంది. చూస్తూనే ఉంటుంది. ఆమె వెనుక ఉన్న కెఫే క్రమంగా చీకట్లోకి జారిపోతుంది, ముఖమొకటే మిగులుతుంది. భర్తనూ బిడ్డనూ వదిలిపోబోతున్న ఆమెను మనం తప్పుపట్టేలోపు, "నన్ను చూస్తున్నది నువ్వు కదా" అన్నట్టు ఆ చూపు మన మీద నిలుస్తుంది. అరిగిపోయిన ప్రింటులో ఆ కెఫే మొదటినుంచీ చీకటిగానే ఉంటుంది కాబట్టి, చీకటి పడుతోందన్న సంగతి ఎవరికీ తెలియదు.

మీ స్నేహితురాలికి ఇంకో మాట కూడా చెప్పండి. మన సాహిత్యానికి ఇది కొత్త సంగతి కాదు. 18వ శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని అనే కవయిత్రి రాధ విరహాన్నీ కోరికనూ చెప్పే 'రాధికా సాంత్వనము' కావ్యం రాస్తే, తర్వాతి కాలంలో కొన్ని పద్యాలు వదిలేసి దాన్ని అచ్చువేశారు, వీరేశలింగం వంటి పెద్దలు నిందించారు. బెంగుళూరు నాగరత్నమ్మ పాత ప్రతి సంపాదించి, వదిలేసినవన్నీ చేర్చి 1910లో పూర్తి కావ్యాన్ని ప్రచురించింది. ప్రభుత్వం నిషేధించింది, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో గాని ఆ నిషేధం తొలగలేదు. ఆమె చేసింది అక్షరాలా పునరుద్ధరణే. ఇక మన కొండ మీద, అన్నమయ్య అలమేలుమంగ గొంతుతో పాడిన శృంగార సంకీర్తనల రాగిరేకులు ఆలయంలోని అరలో శతాబ్దాలు ఉండిపోయి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు చదివి పరిష్కరించాక కదా మనకు దక్కాయి. నాయిక విరహమూ, అలకా, తెల్లవారాక ఆమె అలసటా తెలిసిన ఊరు ఇది. ఈ ఊళ్లో కూర్చుని 'చారులత' చూడటానికి సిగ్గుపడవలసిన పని లేదు.

పునరుద్ధరణ అన్న మాట ఉన్నంత మాత్రాన ప్రతీదీ నమ్మదగినది కాదని కూడా చెప్పాలి. మంచి పునరుద్ధరణ అసలు నెగటివ్‌తో మొదలవుతుంది. అది లేకపోతే దాని నుంచి అతి తక్కువ మెట్లు దిగిన ప్రతిని వెతుకుతారు. 1993లో లండన్‌లోని ఒక ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో రాయ్ 'అపు' చిత్రత్రయం నెగటివ్‌లు కాలాయి. కాలగా మిగిలిన ముక్కలను ఇటలీలోని బొలోన్యా ల్యాబులో చేత్తో తిరిగి కలిపి, కలవనిచోట ఇతర దేశాల్లోని ప్రతుల నుంచి తీసుకుని, 2015లో బయటికి తెచ్చారు. అలాంటి ఓపిక లేనివాళ్లు కంప్యూటరులో ఒక మీట నొక్కి గీతలతోపాటు గ్రెయిన్‌ను కూడా తుడిచేస్తారు. గ్రెయిన్ మురికి కాదు, ఫిల్ము మీద బొమ్మ ఏర్పడేదే ఆ రేణువులతో. దాన్ని తుడిచేస్తే చర్మం మైనంలా అవుతుంది, ముప్పై ఏళ్ల నటికీ పద్నాలుగేళ్ల పిల్లకీ ఒకే బుగ్గలు వస్తాయి. బార్బరా లోడెన్ తీసి, తానే నటించిన 'వాండా' (1970)ను 16 మి.మీ.లో తీసి 35కు పెంచారు, అందులో గ్రెయిన్ గరుకుగా ఉంటుంది. భర్తనూ పిల్లలనూ వదులుకుని, ఏం కావాలో తనకే తెలియక తిరిగే ఆ స్త్రీ బతుకుకు ఆ గరుకుదనమే సరిపోయింది. ఆ నెగటివ్‌ను మూతపడుతున్న ఒక ల్యాబులో పారేయబోతుండగా ఒక ఆర్కైవిస్టు కాపాడాడు. లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఎ. ఆర్కైవ్ వాళ్లు గ్రెయిన్ పోకుండా పునరుద్ధరించారు.

రంగుల చిత్రాలకు వేరే జబ్బు ఉంది. పాత ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి ఛాయనిచ్చే రంగు ముందుగా వెలిసిపోయి, చిత్రమంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. రాము కరియాట్ 'చెమ్మీన్' (1965)ను మన 'మాయాబజార్' ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీయే తీశాడు. భార్య శీలం చెదిరితే సముద్రం భర్తను మింగేస్తుందన్న నమ్మకం మధ్య నలిగిపోయే కరుత్తమ్మ కథలో సముద్రమే ప్రధాన పాత్ర. ఆ సముద్రం గులాబీ రంగులో కనిపించే ప్రతిని మాత్రం దయచేసి చూడకండి.

మీరు చూడవలసిన క్రమం నా లెక్కలో ఇలా ఉంటుంది. మొదటి నెల 'చారులత'. రెండో నెల శ్రీలంక దర్శకురాలు సుమిత్రా పీరిస్ మొదటి చిత్రం 'గెహెణు లమయి' (1978). ఒక పల్లెటూరి పేద అమ్మాయి, తన అంతస్తుకు మించిన అబ్బాయిని ప్రేమించడం, ఆ ప్రేమకు ఇంటివాళ్ల కృతజ్ఞతలూ భయాలూ అడ్డుపడటం మీ వయసువాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేదు. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ దీన్ని పునరుద్ధరించగా 2025లో కాన్‌లో ప్రదర్శించారు. అదే ఏడాది అక్కడ ప్రదర్శించిన రాయ్ 'అరణ్యేర్ దిన్ రాత్రి' (1970) కూడా పెట్టుకోండి. దానిలో జయ అనే వితంతువు ఒక రాత్రి నగలన్నీ పెట్టుకుని ఒక యువకుడి ఎదుట నిలబడే ఘట్టం ఉంది. ఆమె అడగనైతే అడిగింది, అతనికి చేయి చాచే ధైర్యం లేకపోయింది. భారతీయ సినిమాలో వితంతువు కోరికను ఇంత గౌరవంగా చూపిన దృశ్యాలు నాకు ఎక్కువ తెలియవు. అదే చిత్రంలో సంతాల్ స్త్రీ పాత్రకు సిమి గరేవాల్‌కు నల్లరంగు పూసి వేయించడం మాత్రం నాకు నచ్చదు. ఒక స్త్రీ కోరికకు ఇచ్చిన లోతును మరొక స్త్రీకి ఇవ్వలేదన్న సంగతి మీరు తప్పక చర్చించుకోవాలి.

ఆ తర్వాత అన్యెస్ వార్దా 'క్లియో ఫ్రమ్ 5 టు 7' (1962). వైద్య పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తూ పారిస్ వీధుల్లో తిరిగే గాయని కథ, నిడివి 90 నిమిషాలు. అందరూ తనను చూడాలని బతికిన అమ్మాయి సగం చిత్రమయ్యాక విగ్గు తీసి పక్కన పెట్టి, తాను ఇతరులను చూడటం మొదలుపెడుతుంది. 'మోనికా'ను దీని పక్కనే చూడండి. వేరా ఖితిలోవా 'డైసీస్' (1966) రంగులతో చెలరేగే చిత్రం. మీలో ఇద్దరికి విపరీతంగా నచ్చి, మిగిలినవారికి విసుగు పుట్టవచ్చు.

మనవాటిని చివరకు నెట్టడం నాకు ఇష్టం లేదు కాని, 'అంకుర్' (1974), 'దాసి' (1988) చిత్రాల బరువు ఇవన్నీ చూశాకనే తెలుస్తుంది. సికింద్రాబాద్ ప్రాంతంలో పెరిగిన శ్యామ్ బెనెగల్ తెలంగాణ పల్లెలో తీసిన మొదటి కథాచిత్రం 'అంకుర్'. దొర కొడుకు దగ్గరకు చేరిన లక్ష్మికి ఏం కావాలన్న ప్రశ్నను ఆ చిత్రం నిజాయితీగా అడుగుతుంది. కడుపు పండాలన్న ఆమె కోరికనూ, కులమూ ఆకలీ ఆమె మీద పెట్టిన ఒత్తిడినీ షబానా ఆజ్మీ విడదీయరానట్టు కలిపి చూపింది. బి. నర్సింగరావు 'దాసి'లో దొరల కోటలాంటి ఇల్లు గడీలో ఆడబాపగా, అంటే దాసిగా, బతికే కమలాక్షికి కోరిక అన్న మాటకు చోటే లేదు. శరీరం ఇతరులదైపోయిన చోట ఒక యువతి మౌనం ఎలా ఉంటుందో అర్చన చూపింది, ఆ ఏడు జాతీయ ఉత్తమ నటి పురస్కారం ఆమెకే వచ్చింది. కోరిక గురించి ఆరు చిత్రాలు చూశాక ఈ లేమిని చూడాలి. మన వ్యాపార చిత్రాల్లో స్త్రీ మనసు ఎక్కడ దాక్కుందని మీకు అనిపిస్తే, 'మల్లీశ్వరి' (1951)లో వాన రాత్రి సత్రంలో భానుమతి పాడి ఆడే "పిలచిన బిగువటరా" పాటను ఒక్కసారి మాటలు గమనిస్తూ వినండి. వలచి వచ్చినది తానేనని ఆమె చెబుతోంది. సంభాషణల్లో కృష్ణశాస్త్రి ఆమెను చెప్పనివ్వని మాట అది.

షాంతాల్ అకెర్‌మాన్ 'జాన్ దీల్‌మాన్' (1975)ను ఆఖరున ఉంచండి. 201 నిమిషాల పాటు ఒక గృహిణి మూడు రోజుల ఇంటిపని. బంగాళాదుంపలు ఉడికించడంలో చిన్న తేడా వస్తే మన గుండె జారిపోయేలా తీసిన ఆ దర్శకురాలికి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. 2022లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకుల ఓటింగులో ఇదే ప్రథమస్థానంలో నిలిచింది. ఆరుగురూ ఖాళీగా ఉన్న ఆదివారం పెట్టుకోండి, ముక్కలుగా చూడవద్దు.

ప్రతిని కొనేముందు, లేదా పెట్టేముందు, నిడివి సరిచూసుకోండి. వంద నిమిషాలకు నాలుగు నిమిషాల తేడా ఉంటే భయపడనక్కర్లేదు. పాత యూరప్ డీవీడీలు సెకనుకు 25 ఫ్రేముల వేగంతో నడిచేవి కాబట్టి వంద నిమిషాల చిత్రం 96 నిమిషాలే చూపిస్తుంది. పావుగంట తగ్గితే అది కోసిన ప్రతి. బ్లూరే డిస్కులు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో రీజియన్ల వారీగా పంచారు. అమెరికా నుంచి తెప్పించే క్రైటీరియన్ సంస్థ బ్లూరేలు చాలావరకు ఎ రీజియన్‌వి, మన దేశం సి రీజియన్‌లో ఉంది. ఏ రీజియన్ డిస్కునైనా ఆడించే ప్లేయరు లేకుండా వాటిని కొనకండి. అంత ఖర్చు అక్కర్లేదనుకుంటే ముబి వంటి స్ట్రీమింగ్ సైట్లలో పునరుద్ధరించిన ప్రతులు వస్తూ పోతూ ఉంటాయి, వచ్చినప్పుడు పట్టుకోండి. పాత చిత్రాల్లో చాలావాటి బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది. తెర పక్కల నల్లగా మిగిలిందని జూమ్ చేస్తే నుదురూ గడ్డమూ తెగిపోతాయి. టీవీలో కదలికలను నున్నగా చేసే సెట్టింగు ఉంటుంది, దాన్ని ఆపేయండి.

హాస్టల్ గదిలో ప్రొజెక్టర్‌తో వేస్తామని రాశారు. మన ఊళ్లో ఎండాకాలం సాయంత్రం ఆరున్నర దాటినా కిటికీల్లోంచి వెలుతురు వస్తూనే ఉంటుంది. ఏడున్నరకు ముందు మొదలుపెట్టకండి; కిటికీలకు పల్చటి తెరలే ఉంటే వాటి మీద దుప్పట్లు కట్టండి. చారు మొదటి కిటికీ తెరిచేసరికి మీ గదిలో మరే వెలుతురూ ఉండకూడదు.